సీజనంతా గెలిచి ఒక్క రోజు ఓడితే ఇంటికేనా? అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్ కాన్ఫరెన్స్ టోర్నమెంట్ల సంగతి

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఒక చిన్న యూనివర్సిటీలో చదువుతోంది. అక్కడి బ్యాండ్‌లో క్లారినెట్ వాయిస్తుంది. వాళ్ళ అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు సీజనంతా గెలుస్తూ కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానంలో నిలిచింది. తీరా కాన్ఫరెన్స్ టోర్నమెంట్ సెమీస్‌లో ఒక్క మ్యాచ్ ఓడేసరికి మార్చ్ మ్యాడ్‌నెస్ పోయిందట. నాలుగో స్థానంలో ఉన్న జట్టు వెళ్ళిందట. ఇదెక్కడి న్యాయం? ఇప్పుడు ఇంకేదో టోర్నీకి వెళ్తున్నాం అంటోంది, అదేంటి? వచ్చే ఏడాది మేం అక్కడ ఉంటాం. వెళ్ళి చూడాలంటే ఏం తెలిసుండాలి?

జవాబు:

మీ అమ్మాయి ఏడ్చిందో లేదో మీరు రాయలేదు. ఏడ్చే ఉంటుంది. ఆడినవాళ్ళ కంటే బ్యాండ్ పిల్లలే ఎక్కువ ఏడుస్తారు. నేను తొమ్మిదేళ్ళుగా ఇలాంటి ఒక చిన్న కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌లో స్కోరర్ టేబుల్ దగ్గర కూర్చుని స్టాట్స్ కొడుతున్నాను. బ్యాండ్ ఎప్పుడూ మా ఎదురుగానే ఉంటుంది. అంతకు ముందు, గుంటూరులో చదువుకునే రోజుల్లో, యూనివర్సిటీ జట్టుకి ఆడాను. సౌత్ జోన్ పోటీలకి జనరల్ బోగీలో కూర్చుని వెళ్ళిన బ్యాచ్ మాది. జోన్‌లో పై నాలుగు జట్లలో ఉంటే అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి వెళ్తాం, లేకపోతే సామాను సర్దుకుంటాం. అందుకే అమెరికా వచ్చాక ఈ పద్ధతి నాకు మరీ కొత్తగా ఏం అనిపించలేదు.

న్యాయమా కాదా అనేది తర్వాత చూద్దాం. ముందు ఎంసెట్‌ని గుర్తు చేసుకోండి. రెండేళ్ళు క్లాస్ ఫస్ట్ వచ్చిన పిల్ల పరీక్ష రోజు జ్వరంతో కూర్చుంటే, సీటు వెనక బెంచీలో కూర్చున్నవాడికి పోయేది. మీ అమ్మాయి జట్టుకి జరిగింది అచ్చంగా ఇదే. జనవరి, ఫిబ్రవరుల్లో ఆడిన లీగ్ మ్యాచ్‌లు ఇంటర్ మార్కుల లాంటివి. మార్చిలో మూడు నాలుగు రోజులు జరిగే కాన్ఫరెన్స్ టోర్నమెంట్ ఎంసెట్.

కాన్ఫరెన్స్ అంటే కొన్ని యూనివర్సిటీలు కలిసి పెట్టుకున్న లీగ్. అమెరికా కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని మొదటి డివిజన్‌లో ఇలాంటివి ముప్ఫైకి పైగా ఉన్నాయి. జాతీయ టోర్నమెంట్‌కి, అంటే మార్చ్ మ్యాడ్‌నెస్‌కి, 68 జట్లు వెళ్తాయి. 2025 లెక్క చూస్తే అందులో 31 సీట్లు కాన్ఫరెన్స్‌కి ఒకటి చొప్పున ఖాయం. మిగతా 37 సీట్లకి ఒక కమిటీ కూర్చుని జట్లని ఎంపిక చేస్తుంది. తనకి ఖాయంగా వచ్చే ఆ ఒక్క సీటు ఎవరికివ్వాలన్నది కాన్ఫరెన్స్ ఇష్టం. ఇప్పుడు అందరూ టోర్నమెంట్ గెలిచినవాళ్ళకే ఇస్తున్నారు. ఐవీ లీగ్ ఒక్కటే చాలాకాలం మొండికేసి, లీగ్ టాపర్‌కే సీటు ఇస్తూ వచ్చింది. 2017లో అది కూడా పై నాలుగు జట్లతో టోర్నమెంట్ మొదలుపెట్టింది.

మరి మీ జట్టుని కమిటీ ఎందుకు తీసుకోలేదు? అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది. ఎన్ని గెలిచారన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, ఎవరి మీద గెలిచారు, ఎక్కడ గెలిచారు అన్నది కమిటీ చూస్తుంది. దానికి నెట్ అనే ర్యాంకింగ్ ఒకటి ఉంది. చిన్న కాన్ఫరెన్స్‌లో ప్రత్యర్థులు బలహీనం కాబట్టి పాతిక విజయాలు కూడా ఆ లెక్కలో తేలిపోతాయి. పోనీ పెద్ద జట్ల మీద గెలిచి చూపిద్దామంటే, వాళ్ళు మీ జిమ్‌కి వచ్చి ఆడరు. నవంబర్, డిసెంబర్లలో డబ్బులిచ్చి మిమ్మల్నే వాళ్ళ ఊరికి పిలిపించుకుంటారు, వాళ్ళ జనం మధ్య ఇరవై ముప్ఫై పాయింట్ల తేడాతో ఓడించి బస్సెక్కిస్తారు. ఆ డబ్బు చిన్న యూనివర్సిటీకి అవసరం, వద్దనలేరు. కాబట్టి చిన్న కాన్ఫరెన్స్ టాపర్‌కి దాదాపు ఒకే ఒక్క తలుపు తెరిచి ఉంటుంది. అది టోర్నమెంట్ గెలవడం.

అందుకే పేరు ఒకటే అయినా ఈ టోర్నమెంట్లు రెండు రకాలని నేనెప్పుడూ చెప్తాను. పెద్ద కాన్ఫరెన్స్‌లలో ఓడినా బతికే ఉంటారు, చిన్నవాటిలో ఓడితే అంతే.

పెద్దవాటికి ఎస్‌ఈసీ మంచి ఉదాహరణ. టెక్సస్, ఓక్లహోమా చేరాక అందులో 16 జట్లు అయ్యాయి. బుధవారం నుంచి ఆదివారం దాకా అయిదు రోజులు జరుగుతుంది. పై నాలుగు జట్లు శుక్రవారం దాకా కాలు కదపక్కర్లేదు, వాళ్ళకి డబుల్ బై ఉంటుంది. 2025లో సౌత్ కరోలినా, టెక్సస్ రెండూ లీగ్‌లో 15 గెలిచి ఒక్కటి ఓడాయి. ఒకరి మీద ఒకరు చెరొకటి గెలిచారు. టై విడదీసే సూత్రాలన్నీ అయిపోయాక చివరికి కమిషనర్ గ్రెగ్ శాంకీ టీవీ కెమెరాల ముందు నాణెం ఎగరేశారు! మన ఊరి గ్రౌండ్‌లో టాస్ వేసినట్టే. టాస్ సౌత్ కరోలినా గెలిచింది, నంబర్ వన్ సీడ్, అంటే టోర్నమెంట్‌లో మొదటి ర్యాంకు జట్టు, అయింది. సౌత్ కరోలినా రాష్ట్రంలోనే ఉన్న గ్రీన్‌విల్‌లో జరిగిన ఫైనల్లో టెక్సస్‌ని 64-45తో చిత్తు చేసింది. సరే, ఓడిన టెక్సస్‌కి ఏం నష్టమైంది? దాదాపు ఏమీ లేదు. మార్చ్ మ్యాడ్‌నెస్‌లో నంబర్ వన్ సీడ్‌తోనే అడుగుపెట్టి ఫైనల్ ఫోర్ దాకా వెళ్ళింది.

మరి పెద్దవాళ్ళు దేనికోసం కొట్టుకుంటారు? సీడ్ కోసం, సొంత ఊరి కోసం. అమ్మాయిల మార్చ్ మ్యాడ్‌నెస్‌లో పై 16 సీడ్లు మొదటి రెండు రౌండ్లూ తమ జిమ్‌లోనే ఆడతాయి. అబ్బాయిల్లో ఇది లేదు. సొంత జనం ముందు రెండు మ్యాచ్‌లు ఆడటానికీ, వెయ్యి మైళ్ళు ఎగిరి వెళ్ళి ఆడటానికీ ఎంత తేడానో చెప్పక్కర్లేదు. పదిహేనో స్థానమా పద్దెనిమిదో స్థానమా అని ఊగిసలాడే జట్టుకి కాన్ఫరెన్స్ టోర్నీలో ఒక్క విజయం కూడా బంగారమే.

అలాగని పెద్దవాటిలో మజా ఉండదని కాదు. 2024 ఎస్‌ఈసీ సెమీస్ నేను ఇంట్లో అంట్లు తోముతూ చూశాను. సౌత్ కరోలినా ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క మ్యాచ్ ఓడలేదు. టెన్నెసీ మీద ఒక దశలో 23 పాయింట్ల ఆధిక్యంలో ఉంది. ఇక అయిపోయిందిలే అని నేను గిన్నెల మీద పడ్డాను. తలెత్తి చూసేసరికి టెన్నెసీ 73-71తో ముందుంది, మిగిలింది 1.1 సెకండ్లు. బంతి కమీలా కార్డోసో చేతికి వచ్చింది. ఆరడుగుల ఏడంగుళాల సెంటర్, రింగు కింద ఆడే అమ్మాయి. కాలేజీ జీవితంలో అప్పటివరకు ఒక్క త్రీ పాయింటర్, అంటే దూరం నుంచి వేసే మూడు పాయింట్ల బంతి, కూడా వెయ్యలేదు. వేసింది. బంతి బోర్డుకి తగిలి లోపల పడింది, 74-73. చేతిలో సబ్బు నురగతోనే అరిచాను, మా ఆయన ఏదో పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చారు. సౌత్ కరోలినా ఆ సీజన్‌ని 38 మ్యాచ్‌లకి 38 గెలిచి జాతీయ చాంపియన్‌గా ముగించింది. ఆ షాట్ పడకపోయినా జాతీయ టోర్నీలో వాళ్ళ సీటుకి వచ్చిన ముప్పేమీ లేదు, పోయేది అజేయ రికార్డు మాత్రమే.

అదే వారాంతంలో మినియాపోలిస్‌లో మరో పెద్ద కాన్ఫరెన్స్, బిగ్ టెన్ ఫైనల్. అయోవా స్టార్ కైట్లిన్ క్లార్క్ ఉంది కాబట్టి టికెట్లన్నీ ముందే అమ్ముడయ్యాయి. నెబ్రాస్కా మీద ఆమె 34 పాయింట్లు కొట్టింది, అందులో 30 విరామం తర్వాతే. అయోవా ఓవర్‌టైమ్‌లో 94-89తో గెలిచింది. అమ్మాయిల కాన్ఫరెన్స్ టోర్నమెంట్‌కి బ్లాక్‌లో టికెట్లు కొనే రోజు వస్తుందని నేను ఆడే రోజుల్లో ఎవరైనా చెప్పుంటే నవ్వేదాన్ని.

ఇప్పుడు మీ ప్రశ్నకి దగ్గరగా ఉన్న కథ ఒకటి. వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్, లాస్ వేగస్‌లోని ఓర్లీన్స్ అరీనా. 2024లో గొంజాగా జట్టు లీగ్ మ్యాచ్‌లు 16కి 16 గెలిచింది. ఫైనల్లో పోర్ట్‌లాండ్ చేతిలో ఒక్క పాయింట్ తేడాతో, 67-66తో ఓడింది. అంతకు ముందు ఏడాది ఫైనల్లో కూడా ఇదే పోర్ట్‌లాండ్ చేతిలోనే ఓడింది. కాన్ఫరెన్స్ సీటు పోర్ట్‌లాండ్‌కి వెళ్ళింది. కానీ గొంజాగా సీజన్ మొత్తంలో పెద్ద జట్ల మీద కూడా గెలిచింది కాబట్టి కమిటీ దానికి విడిగా సీటిచ్చింది, పైగా నాలుగో సీడ్‌గా సొంత ఊళ్ళో ఆడించింది. నష్టపోయింది ఎవరంటే, సంబంధమే లేని ఏదో కాన్ఫరెన్స్‌లో అంచున నిలబడ్డ జట్టు. గొంజాగా గెలిచుంటే ఒక్క సీటుతో పోయేది, ఓడటంతో ఆ కాన్ఫరెన్స్ రెండు సీట్లు తీసుకుంది. పోర్ట్‌లాండ్ లాంటి జట్టుని ఇక్కడివాళ్ళు బిడ్ స్టీలర్ అంటారు, అంటే సీటు దొంగ. మార్చి మొదటి వారంలో అంచున ఉన్న జట్ల కోచ్‌లు ముక్కూమొహం తెలియని ఊళ్ళలో జరిగే మ్యాచ్‌లు చూస్తూ, ఫేవరెట్లే గెలవాలని దేవుడికి మొక్కుకునేది ఇందుకే.

మీ అమ్మాయి జట్టుకి గొంజాగా దగ్గరున్న ఆ రెండో తలుపు లేదు, అంతే తేడా.

ఈ పద్ధతి ఎప్పుడూ బలవంతుల పక్షమే అనుకోకండి. 2025లో అదే లాస్ వేగస్‌లో ఓరెగాన్ స్టేట్ కథ చూడండి. 2024లో ఆ జట్టు దేశంలోని చివరి ఎనిమిదింటిలో ఒకటి. ఆ వేసవిలో వాళ్ళ పాత కాన్ఫరెన్స్, చెట్టంత పాక్-12, కూలిపోయింది. మంచి ప్లేయర్లందరూ చెట్టు మీది పిట్టల్లా ఎగిరిపోయారు. రేగన్ బీర్స్ ఓక్లహోమాకి, టాలియా వాన్ ఓల్‌హోఫెన్ యూఎస్‌సీకి, టిమియా గార్డినర్ యూసీఎల్ఏకి వెళ్ళారు. కోచ్ స్కాట్ ర్యూక్ మిగిలినవాళ్ళతో, కొత్తగా వచ్చినవాళ్ళతో అద్దె ఇంట్లో చేరినట్టు వెస్ట్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో చేరాడు. సీజన్ అంతంతమాత్రంగానే సాగింది. ఆ రికార్డుతో కమిటీ గుమ్మం కూడా తొక్కనిచ్చేది కాదు. కానీ టోర్నమెంట్‌లో నాలుగో సీడ్‌గా దిగి, ఫైనల్లో పోర్ట్‌లాండ్‌ని ఓడించి మార్చ్ మ్యాడ్‌నెస్‌కి వెళ్ళింది. మీరు తిట్టుకుంటున్న ఆ "నాలుగో స్థానంలో ఉన్న జట్టు" లోపలా ఇలాంటి కథ ఏదో ఉండొచ్చు.

ఇక న్యాయం మాట. నా అభిప్రాయం అడిగితే, టోర్నమెంట్ ఉండాలి, కానీ రెండు నెలల కష్టానికి విలువ కట్టే ఏర్పాటు కూడా ఉండాలి. కొన్ని కాన్ఫరెన్స్‌లు ఆ పని చేశాయి. వెస్ట్ కోస్ట్‌లో మొదటి రెండు సీడ్లు నేరుగా సెమీస్‌లోనే దిగుతాయి, కిందివాళ్ళు మెట్టు మెట్టు ఎక్కి రావాలి. పేట్రియట్ లీగ్ లాంటివి పై సీడ్ సొంత జిమ్‌లోనే మ్యాచ్ పెడతాయి. నాకు ఈ రెండోదే ఇష్టం. అద్దెకి తీసుకున్న పదివేల సీట్ల అరీనాలో ఎనిమిది వందల మంది కూర్చుంటే చప్పట్లు కూడా బావిలోంచి వచ్చినట్టు వినిపిస్తాయి. అదే ఎనిమిది వందల మంది కాలేజీ జిమ్‌లో ఉంటే చెవులు చిల్లులు పడతాయి.

ఈ మెట్ల పద్ధతికి డబ్బు కారణం కూడా ఉంది. మార్చ్ మ్యాడ్‌నెస్‌లో జట్లు ఆడే మ్యాచ్‌లని బట్టి కాన్ఫరెన్స్‌లకి ఎన్‌సీఏఏ డబ్బు పంచుతుంది. అబ్బాయిలకి ఇది 1991 నుంచి ఉంది. అమ్మాయిలకి మొదటిసారి ఇచ్చింది 2025 టోర్నమెంట్‌తో. అవును, ముప్ఫై నాలుగేళ్ళ తర్వాత! మొదటి ఏడాది మొత్తం నిధి కోటిన్నర డాలర్లు. తన బలమైన జట్టు వెళ్ళి ఒక్క మ్యాచ్ ఎక్కువ గెలిస్తే కాన్ఫరెన్స్‌కి లాభం కాబట్టి, టాపర్‌ని కాపాడుకోవాలన్న ఆలోచన ఇక ముందు అమ్మాయిల వైపు కూడా పెరుగుతుందని నా అంచనా.

చూడటానికి వెళ్తే ఏం తెలిసుండాలన్నారు కదా. ముందు ఆట గురించి. అమ్మాయిల కాలేజీ బాస్కెట్‌బాల్‌లో పది నిమిషాల క్వార్టర్లు నాలుగు. ఒక క్వార్టర్‌లో జట్టు అయిదో ఫౌల్ నుంచి ఎదుటివాళ్ళకి రెండు ఫ్రీ త్రోలు. ప్లేయర్‌కి అయిదు ఫౌల్స్ అయితే ఆ రోజుకి బెంచీయే. చివరి నిమిషంలో టైమ్‌అవుట్ తీసుకుంటే బంతిని తమ రింగు కింద నుంచి కాకుండా ఎదుటి కోర్టులోంచే వెయ్యొచ్చు. కాలేజీ అబ్బాయిలకి ఈ వెసులుబాటు లేదు. అందుకని రెండు సెకండ్లున్నా లేచి వెళ్ళిపోకండి. పార్కింగ్ రద్దీ తప్పించుకుందామని వెళ్ళిపోయి, కారు దగ్గర ఉండగా లోపలి కేకలు విన్నవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

రెండోది, కాళ్ళు చూడండి. కింది సీడ్ జట్టు నాలుగు రోజుల్లో నాలుగు గెలవాలి. మూడో రోజు సాయంత్రానికి త్రీ పాయింటర్లు రింగు ముందంచుకి తగిలి వెనక్కి రావడం మొదలవుతుంది. గురి తప్పలేదు, మోకాళ్ళలో బలం అయిపోయింది. మా టేబుల్‌లో నా పక్కన కూర్చునే కాలర్, అంటే చూసి చెప్పే మనిషి, "ఇరవై రెండు, త్రీ, మిస్, రీబౌండ్ పదకొండు" అని గొణుగుతూ పోతుంటే నేను టైప్ కొడుతుంటాను. ఆ అంకెలు ప్లేయర్ల జెర్సీ నంబర్లు, రీబౌండ్ అంటే తప్పిన బంతిని అందుకోవడం. మొదటి రోజు "రీబౌండ్" అన్నాక సంఖ్యలు అన్నీ రకరకాలుగా ఉంటాయి. మూడో రోజుకి ఒకే రెండు నంబర్లు వినిపిస్తాయి, ఆ ఇద్దరికే ఇంకా ఎగిరే ఓపిక ఉంటుంది. బెంచీ మీంచి ఎనిమిది తొమ్మిది మందిని దింపగల జట్టే చివరి రోజుకి మిగులుతుంది. డబుల్ బై ఎంత విలువైనదో అప్పుడు తెలుస్తుంది.

టికెట్లు చాలాచోట్ల సెషన్ లెక్కన అమ్ముతారు, ఒక టికెట్‌తో రెండు మ్యాచ్‌లు చూడొచ్చు. చిన్న కాన్ఫరెన్స్‌కి ముందుగా కొనక్కర్లేదు, గేటు దగ్గర దొరుకుతాయి. చాలా అరీనాల్లో లోపలివి కనిపించే ప్లాస్టిక్ బ్యాగులే తీసుకెళ్ళనిస్తారు. పులిహోర డబ్బా కారులోనే వదలాలి, ఇది నా స్వానుభవం. బ్యాండ్‌కి ఎదురుగా కూర్చోండి, పక్కన కాదు. అప్పుడే మీ అమ్మాయి మీకు కనిపిస్తుంది, చెవులూ మిగులుతాయి. సమయం దొరికితే ఫైనల్ కంటే మొదటి రోజు వెళ్ళమంటాను నేను. ఆ రోజు ఓడిన జట్లలో నాలుగో సంవత్సరం అమ్మాయిలకి చాలామందికి అదే జీవితంలో ఆఖరి మ్యాచ్. ఆ తర్వాత నర్సింగో, అకౌంటింగో, ఉద్యోగమో. వాళ్ళు ఎలా ఆడతారో చూడాలి.

ఒక ఏడాది మా దగ్గరా టాప్ సీడ్ సెమీస్‌లో ఓడింది. మ్యాచ్ అయ్యాక ప్రింట్ తీసిన బాక్స్ స్కోర్లు, అంటే ఎవరెన్ని కొట్టారో చెప్పే లెక్కల కాగితాలు, రెండు జట్ల లాకర్ రూముల దగ్గరా ఇచ్చి రావడం నా పని. గెలిచిన జట్టు తలుపు తీసి ఉంది, లోపల పాటలు, ఎవరో నా చేతిలోంచి కాగితాలు లాక్కున్నారు. ఓడిన జట్టు తలుపు మూసి ఉంది. కొట్టాలా వద్దా అని నిలబడ్డాను, కాగితాలు ఇంకా వేడిగానే ఉన్నాయి. కాసేపటికి జట్టు మేనేజర్ పిల్ల ఒకతి, పంతొమ్మిదేళ్ళుంటాయేమో, బయటికొచ్చి తీసుకుంది. కళ్ళు తుడుచుకుని ఒకే ఒక్కటి అడిగింది: "డబ్ల్యూబీఐటీ జాబితా ఎప్పుడు వస్తుంది?"

మీ అమ్మాయి చెప్పిన ఆ "ఇంకేదో టోర్నీ" బహుశా ఇదే. 2024లో ఎన్‌సీఏఏ మొదలుపెట్టిన 32 జట్ల టోర్నమెంట్. కాన్ఫరెన్స్‌లో మొదటి స్థానంలో నిలిచి మార్చ్ మ్యాడ్‌నెస్ సీటు దక్కని జట్లకి ఇందులో చోటు హక్కుగా వస్తుంది, ఎవరూ దయతలచి పిలవక్కర్లేదు. రెండు నెలల కష్టానికి ఆ మాత్రం విలువైనా కట్టారు. మొదటి మూడు రౌండ్లు కాలేజీ జిమ్‌లలోనే జరుగుతాయి. చిన్న కాన్ఫరెన్స్ టాపర్‌కి మొదటి మ్యాచ్ సాధారణంగా ఎదుటివాళ్ళ ఊళ్ళోనే పడుతుంది. బ్యాండ్ మొత్తాన్ని అంత దూరం పంపుతారో లేదో యూనివర్సిటీ ఖర్చుల మీద ఆధారపడి ఉంటుంది, కాబట్టి మీ అమ్మాయిని ముందే కనుక్కోమనండి. మ్యాచ్ ఆన్‌లైన్‌లో వస్తుంది, మీకు మాత్రం తెల్లవారుజాము అవుతుంది. అలారం పెట్టుకోండి.